మహాసముద్ర రిడ్జ్‌ల వద్ద అగ్నిశిలల పుట్టుక – తిరుగుప్రయాణం: కార్ల్స్‌బర్గ్ రిడ్జ్ ఆధారంగా ఒక వివరణ

వ్యాససంగ్రహం

భూమి ఉపరితలంలో దాదాపు 60 శాతం మేర పరచుకొని ఉన్న సముద్రగర్భ శిల దాదాపు అంతా మధ్య మహాసముద్ర రిడ్జ్‌ల వద్ద పుట్టినదే. ఆ శిల ఎలా పుడుతుంది, పుట్టాక ఎలా మారుతుంది, చివరికి ఎక్కడికి చేరుతుంది అనే మూడు ప్రశ్నలకు హిందూ మహాసముద్రంలోని కార్ల్స్‌బర్గ్ రిడ్జ్‌ను ప్రధాన ఉదాహరణగా తీసుకొని సమాధానం చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం. 'అగ్నిశిల', 'అగ్నిపర్వతం' అనే తెలుగు పారిభాషిక పదాలు కలిగించే స్ఫురణకూ, రిడ్జ్‌ల వద్ద నిజంగా జరిగే ప్రక్రియకూ ఉన్న దూరాన్ని కూడా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. అక్కడ రాయి కరగడానికి కారణం అదనపు వేడి కాదు, పీడనం తగ్గడం. శిల పుట్టుక, తిరుగుప్రయాణం వేర్వేరు ఘట్టాలు కావని, ఒకటి మరొకదానికి కారణమవుతుందని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: మహాసముద్ర రిడ్జ్, బసాల్ట్, ప్రావారం, శిలాద్రవం, పీడనం, పలక విరూపక సిద్ధాంతం, కార్ల్స్‌బర్గ్ రిడ్జ్, పారిభాషిక పదాలు.

1. ఉపోద్ఘాతం

హైదరాబాద్ పరిసరాల్లోని గ్రానైట్ గుట్టల వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. కెనడాలోని అకాస్టా శిలలు దాదాపు 400 కోట్ల ఏళ్ల నాటివి. పెద్ద మహాసముద్రాల అడుగున ఇంత పాత రాయి ఎక్కడా దొరకదు. పశ్చిమ పసిఫిక్‌లోని అతి ప్రాచీన సముద్రగర్భం వయసు సుమారు 18 కోట్ల ఏళ్లు మాత్రమే. సముద్రజలం భూమి మీద వందల కోట్ల ఏళ్లుగా ఉంది. కానీ ఆ నీటిని మోస్తున్న నేల మాత్రం కొత్తది. పాత నేల ఏమైనట్టు? కొత్త నేల ఎక్కడి నుంచి వచ్చినట్టు? 20వ శతాబ్ది మధ్యకాలంలో భూవిజ్ఞానాన్ని మలుపు తిప్పిన ప్రశ్నలివి.

పాఠశాల స్థాయి నుంచి పోటీ పరీక్షల వరకు తెలుగు మాధ్యమంలో చదివేవారు 'శిలాద్రవం చల్లబడితే అగ్నిశిల ఏర్పడుతుంది' అనే వాక్యాన్ని నేర్చుకుంటారు. వాక్యం తప్పు కాదు. అయితే శిలాద్రవం అసలు ఎందుకు ఏర్పడింది అనే ప్రశ్నను అది వదిలేస్తుంది. వదిలేసిన ఆ చోటును 'అగ్ని' అనే పదం తనంతట తానే నింపుకొంటుంది. భూమి లోపల ఎక్కడో మంట మండుతోందని, ఆ మంటకు రాళ్లు కరుగుతున్నాయని పాఠకుడు ఊహించుకుంటాడు. విజ్ఞాన విషయాలను తెలుగులో బోధించేవారికీ, అనువదించేవారికీ, పరిభాషపై పరిశోధన చేసేవారికీ ఈ సమస్య ముఖ్యమైనది. అందుకే ఇక్కడ విషయాన్నీ, పదాన్నీ కలిపి పరిశీలించడం జరిగింది.

2. రిడ్జ్‌ల గుర్తింపు

మహాసముద్రాల అడుగున దాదాపు 65,000 కిలోమీటర్ల పొడవున ఒక పర్వతశ్రేణి భూగోళాన్ని చుట్టి ఉంది. అట్లాంటిక్ నడిమధ్యగా దిగి, ఆఫ్రికా దక్షిణపు కొసను చుట్టి హిందూ మహాసముద్రంలోకి, అక్కడి నుంచి పసిఫిక్‌లోకి సాగే ఈ శ్రేణిలోని భాగాలనే మధ్య మహాసముద్ర రిడ్జ్‌లు అంటారు. దీని శిఖరభాగం సాధారణంగా సముద్రమట్టానికి 2,500 మీటర్ల లోతున ఉంటుంది. ఐస్‌లాండ్ వంటి కొద్ది చోట్ల మాత్రమే నీటిపైకి కనిపిస్తుంది.

1950ల తొలినాళ్లలో అమెరికా శాస్త్రవేత్త మేరీ థార్ప్ ప్రతిధ్వని లోతుకొలతల ఆధారంగా ఉత్తర అట్లాంటిక్ పటాన్ని గీస్తూ, రిడ్జ్ నెత్తిన నిలువునా చీలినట్టున్న ఒక లోయను గుర్తించారు. ఆమె సహచరుడు బ్రూస్ హీజెన్ మొదట దానిని కొట్టిపారేసినా, సముద్రగర్భ భూకంపాల కేంద్రాలు సరిగ్గా ఆ లోయ వెంబడే వరుసగా ఉన్నాయని తేలాక అంగీకరించక తప్పలేదు. సముద్రగర్భం అక్కడ రెండుగా విడిపోతోందనడానికి ఆ లోయ తొలి సూచనలలో ఒకటి. ఆ లోయలో కొత్త నేల పుట్టి, ఇరువైపులకూ జరుగుతుందనే ప్రతిపాదనను హారీ హెస్ 1962లో ప్రచురించారు. 1961లో రాబర్ట్ డైట్జ్ ఈ ప్రక్రియకు 'సముద్రగర్భ విస్తరణ' అనే పేరు పెట్టారు.

హిందూ మహాసముద్రపు వాయవ్య భాగంలో, అరేబియా సముద్రానికి దక్షిణంగా ఉన్నది కార్ల్స్‌బర్గ్ రిడ్జ్. 1928–30 మధ్య సాగిన డెన్మార్క్ దేశపు 'డానా' నౌకాయాత్రలో దీనిని గుర్తించారు. ఆ యాత్రకు ధనసహాయం చేసిన కార్ల్స్‌బర్గ్ ఫౌండేషన్ పేరే దీనికి స్థిరపడింది. ఈ రిడ్జ్‌కు ఈశాన్యాన భారత పలక, నైరుతిన ఆఫ్రికా వైపు పలక ఉన్నాయి. భారత భూభాగం సెషెల్స్ నుంచి విడిపోయినప్పుడు, 6 కోట్ల ఏళ్లకు పూర్వం, ఈ రిడ్జ్ విచ్చుకోవడం మొదలైంది. రెండు పలకలూ ఇప్పుడు ఏటా 2 నుంచి 3 సెంటీమీటర్ల చొప్పున ఎడమవుతున్నాయి. మనిషి గోరు పెరిగే వేగం కూడా దాదాపు ఇంతే.

3. రాయి ఎందుకు కరుగుతుంది?

భూపటలానికి దిగువన ఉన్న ప్రావారం ద్రవరూపంలో ఉంటుందనేది బాగా పాతుకుపోయిన అపోహ. ప్రావారం ఘనపదార్థమే. ఆలివిన్, పైరాక్సీన్ వంటి ఖనిజాలతో కూడిన పెరిడొటైట్ అనే రాయి అది. అయితే అత్యధిక ఉష్ణోగ్రత వల్ల అది ఘనంగా ఉంటూనే అతినెమ్మదిగా కదులుతుంది. హిమాలయాల్లోని హిమానీనదం గట్టి మంచుగడ్డే అయినా పల్లానికి జారుతున్నట్టే ఇదీ.

రిడ్జ్‌ల దిగువన ప్రావారపు పై భాగంలో ఉష్ణోగ్రత సుమారు 1,300 డిగ్రీల సెల్సియస్. భూమి ఉపరితలం మీద అయితే పెరిడొటైట్ సుమారు 1,100 డిగ్రీలు దాటగానే కరగడం ప్రారంభిస్తుంది. మరి 1,300 డిగ్రీల వద్ద లోపల ఎందుకు కరగడం లేదు? పీడనమే కారణం. లోతు ఒక్క కిలోమీటరు పెరిగితే పీడనం దాదాపు 300 వాతావరణ పీడనాల మేర పెరుగుతుంది. పీడనం పెరిగేకొద్దీ రాయి కరిగే ఉష్ణోగ్రత కూడా పెరుగుతుంది. 100 కిలోమీటర్ల లోతున పొడి పెరిడొటైట్ కరగాలంటే దాదాపు 1,500 డిగ్రీలు కావాలి. అందుకే అంత వేడిలోనూ అక్కడి రాయి ఘనంగానే ఉంటుంది.

రిడ్జ్ వద్ద రెండు పలకలు ఎడమైనప్పుడు ఆ ఖాళీని పూరించడానికి కింది ప్రావారం పైకి జరుగుతుంది. రాయి ఉష్ణవాహకత చాలా తక్కువ కాబట్టి, పైకి వస్తున్నా అది తన వేడిని పెద్దగా కోల్పోదు. పీడనం మాత్రం వేగంగా తగ్గుతుంది. సుమారు 60 కిలోమీటర్ల లోతుకు చేరేసరికి కరిగే ఉష్ణోగ్రత రాతి ఉష్ణోగ్రత కన్నా దిగువకు పడిపోతుంది. అప్పుడు రాయి కరగడం ప్రారంభిస్తుంది. ఎవరూ కొత్తగా వేడి చేయలేదు. పైనున్న బరువు తగ్గింది, అంతే.

వంటింటి ఉదాహరణతో దీనిని సులభంగా గ్రహించవచ్చు. ప్రెషర్ కుక్కర్‌లో నీరు 100 డిగ్రీల వద్ద మరిగిపోకుండా 120 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. పొయ్యి ఆపేసి ఆవిరిని ఒక్కసారిగా వదిలితే, లోపలి నీరు మళ్లీ కుతకుతమని మరుగుతుంది. అక్కడ పీడనం తగ్గిందే తప్ప వేడి పెరగలేదు. కుక్కర్‌లో జరిగేది మరగడం, రిడ్జ్ కింద జరిగేది కరగడం, పోలిక అంతవరకే. సూత్రం మాత్రం ఒక్కటే.

ఇక్కడ మరో విషయం గమనించాలి. రాయి మొత్తం కరగదు. పెరిడొటైట్‌లో సుమారు 10 నుంచి 20 శాతం మాత్రమే కరుగుతుంది. సులభంగా కరిగే అంశాలు ముందుగా ద్రవంలోకి చేరతాయి. కనుక ఆ ద్రవంలో సిలికా, అల్యూమినియం, కాల్షియం పాళ్లు మాతృశిలలో కన్నా ఎక్కువ, మెగ్నీషియం తక్కువ. అంటే ప్రావారం నుంచి పుట్టిన బసాల్ట్ ప్రావారానికి నకలు కాదు. అది ప్రావారం నుంచి వడకట్టిన సారం.

4. శిలాద్రవం నుంచి సముద్రగర్భం దాకా

చుట్టూ ఉన్న రాతికన్నా తేలికగా ఉండటం వల్ల ఈ ద్రవం రేణువుల సందుల గుండా పైకి చేరుతుంది. రిడ్జ్ కింద కొంత భాగం నిదానంగా చల్లబడి, పెద్ద స్ఫటికాలున్న గాబ్రో అనే శిలగా మారుతుంది. మరికొంత నిట్టనిలువు పగుళ్లలోకి చొరబడి గోడల వంటి డైకులుగా గట్టిపడుతుంది. ఒక డైకు నడిమికి చీలి మరో డైకు, దాన్ని చీల్చుకొని ఇంకొకటి – పేకముక్కలు నిలబెట్టినట్టు ఇవి పక్కపక్కనే పేరుకుంటాయి. మిగిలిన ద్రవం సముద్రగర్భం మీదికి లావాగా వెలువడి బసాల్ట్ అవుతుంది. గాబ్రో, డైకులు, బసాల్ట్ – ఈ మూడు పొరలూ కలిపి 6 నుంచి 7 కిలోమీటర్ల మందం గల సముద్ర భూపటలం.

లావా నీటిని తాకే తీరు గమనించదగ్గది. అంత లోతున నీటి ఉష్ణోగ్రత రెండు మూడు డిగ్రీలు. 2,500 మీటర్ల నీటి బరువు సుమారు 250 వాతావరణ పీడనాలకు సమానం. ఆ పీడనంలో నీరు ఆవిరై పేలిపోయే వీలు తక్కువ. అందుచేత లావా చిమ్మదు. దాని పైపొర క్షణాల్లో గాజులా గడ్డకడుతుంది. లోపలి ద్రవం ఆ పెంకును చీల్చుకొని ఉబ్బి, మళ్లీ గడ్డకడుతుంది. ఇలా ఏర్పడిన గుండ్రటి ముద్దలు ఒకదానిపై ఒకటి సర్దిన దిండ్లలా ఉంటాయి. వీటికి 'దిండు లావా' అని పేరు. 1974లో 'ఆల్విన్' జలాంతర్వాహనంలో మధ్య అట్లాంటిక్ రిడ్జ్ లోయలోకి దిగిన శాస్త్రవేత్తలు వీటిని ప్రత్యక్షంగా చూశారు. భూమి మీద ఏటా వెలువడే శిలాద్రవంలో దాదాపు మూడు వంతులు, అంటే నాలుగింట మూడు పాళ్లు, ఈ రిడ్జ్‌ల వద్దే వెలువడుతుంది. అంతటి అగ్నిపర్వత చర్యలో అత్యధిక భాగం పొగ, మంట, చప్పుడు లేకుండా, ఎవరి కంటా పడకుండా సాగిపోతోంది.

సముద్రగర్భపు ఈ పొరలను నేల మీద కూడా చూడవచ్చు. పలకలు ఢీకొన్న చోట్ల సముద్ర భూపటలపు తునకలు కొన్ని కిందికి పోకుండా ఖండాల అంచుకు అతుక్కుంటాయి. వీటిని ఓఫియొలైట్లు అంటారు. ఒమన్, సైప్రస్ దేశాల్లో ఇవి ప్రసిద్ధం. మన దేశంలో లద్దాఖ్, నాగాలాండ్–మణిపూర్ కొండలు, అండమాన్ దీవులలో ఉన్నాయి. ఉమ్మడి ప్రకాశం జిల్లాలోని కనిగిరి ప్రాంతంలో కూడా సుమారు 133 కోట్ల ఏళ్ల నాటి ఓఫియొలైట్ శకలాలు ఉన్నట్టు పరిశోధకులు ప్రతిపాదించారు. ఆ ప్రతిపాదన ప్రకారం, ఇప్పుడు మెట్టపంటలు పండే ఆ నేలలో ఏనాడో మూసుకుపోయిన ఒక సముద్రపు అడుగు మిగిలి ఉంది.

5. రాతిలో నమోదైన కాలం

నేల విస్తరిస్తోందనడానికి గట్టి రుజువు హిందూ మహాసముద్రం నుంచే లభించింది. బసాల్ట్‌లో ఇనుముతో కూడిన ఖనిజాలుంటాయి. లావా చల్లబడేటప్పుడు ఆనాటి భూ అయస్కాంత క్షేత్రపు దిశ వాటిలో ముద్రితమవుతుంది. ఆ క్షేత్రం అప్పుడప్పుడు తలకిందులవుతుంది. చివరిసారి అలా జరిగింది దాదాపు 7.8 లక్షల ఏళ్ల క్రితం. 1962లో బ్రిటిష్ నౌక 'ఓవెన్' మీద కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్త డ్రమండ్ మాథ్యూస్ కార్ల్స్‌బర్గ్ రిడ్జ్ మీదుగా అయస్కాంత కొలతలు తీసుకున్నారు. ఆయన విద్యార్థి ఫ్రెడ్ వైన్ వాటిని విశ్లేషించారు. రిడ్జ్‌లకు సమాంతరంగా సాగే ఎక్కువ తక్కువ అయస్కాంత చారలు, క్షేత్రం తలకిందులవుతున్న కాలంలో పుట్టి ఇరువైపులకూ జరిగిన నేల గుర్తులని ఇద్దరూ 1963లో 'నేచర్' పత్రికలో వివరించారు. కెనడాకు చెందిన లారెన్స్ మోర్లీ స్వతంత్రంగా ఇదే ఆలోచనకు వచ్చినా, అదే సంవత్సరం ఆయన వ్యాసాన్ని పత్రికలు తిరస్కరించాయి.

చారల వెడల్పును బట్టి విస్తరణ వేగాన్ని లెక్కించవచ్చు. కార్ల్స్‌బర్గ్ రిడ్జ్ వద్ద మొత్తం వేగం ఏటా 2.5 సెంటీమీటర్లు అనుకుంటే, ఒక్కోవైపుకు 1.25 సెంటీమీటర్లు. 7.8 లక్షల ఏళ్లలో ఒక్కోవైపు దాదాపు 10 కిలోమీటర్ల నేల పుట్టి ఉండాలి. తూర్పు పసిఫిక్ రిడ్జ్ వద్ద కొన్నిచోట్ల మొత్తం వేగం ఏటా 15 సెంటీమీటర్లు కనుక అక్కడి చారలు ఎంతో వెడల్పుగా ఉంటాయి.

ప్రపంచమంతటా కలిపి ఏటా సుమారు 3 చదరపు కిలోమీటర్ల కొత్త సముద్రగర్భం ఏర్పడుతోంది. మొత్తం సముద్ర భూపటలం విస్తీర్ణం దాదాపు 30 కోట్ల చదరపు కిలోమీటర్లు. అంటే ఇదే వేగంతో అంత నేలా ఏర్పడటానికి 10 కోట్ల ఏళ్లు చాలు. భూమి పరిమాణం పెరగడం లేదు. కనుక పుట్టినంత నేలా ఎక్కడో ఒకచోట లోపలికి పోతూ ఉండాలి. ఉపోద్ఘాతంలోని ప్రశ్నకు ఇది సమాధానం.

6. నీరు తెచ్చే మార్పు

కొత్తగా పుట్టిన రాతినిండా పగుళ్లే. సముద్రజలం వాటిగుండా కిందికి దిగి, వేడెక్కి, రాతిలోని లోహాలనూ గంధకాన్నీ కరిగించుకొని తిరిగి పైకి చిమ్ముతుంది. 1977లో గలాపగోస్ వద్ద వెచ్చటి నీటి ఊటలనూ, వాటి చుట్టూ సూర్యకాంతితో నిమిత్తం లేకుండా బతికే జీవులనూ కనుగొన్నారు. 1979లో తూర్పు పసిఫిక్ రిడ్జ్ మీద 350 డిగ్రీలకు పైబడిన వేడినీటిని నల్లటి పొగలా వెలువరించే గొట్టాలు బయటపడ్డాయి. అది పొగ కాదు. చన్నీటిని తాకగానే గడ్డకట్టే లోహ సల్ఫైడ్ల నలుసులు.

ఈ నిక్షేపాలలో రాగి, జింకు వంటి లోహాలుంటాయి. అందుకే వీటి అన్వేషణకు భారత ప్రభుత్వం అంతర్జాతీయ సముద్రగర్భ ప్రాధికార సంస్థతో 2016లో మధ్య, నైరుతి హిందూ మహాసముద్ర రిడ్జ్‌ల విషయమై ఒప్పందం చేసుకుంది. 2025లో కార్ల్స్‌బర్గ్ రిడ్జ్‌కు సంబంధించి మరో ఒప్పందం కుదిరింది. రిడ్జ్ ఇక శాస్త్రవేత్తల విషయం మాత్రమే కాదు. ఆర్థిక, పర్యావరణ చర్చల్లోకి కూడా వచ్చేసింది.

శిల చరిత్ర దృష్ట్యా మరింత ముఖ్యమైన మార్పు ఇంకొకటి ఉంది. నీరు రాతిగుండా ప్రవహించి వెళ్లిపోవడమే కాదు, కొంత రాతిలోనే ఉండిపోతుంది. ఆలివిన్ సర్పెంటైన్‌గా, పైరాక్సీన్ క్లోరైట్ వంటి ఖనిజాలుగా మారేటప్పుడు నీరు వాటి నిర్మాణంలోనే ఇమిడిపోతుంది. ఈ నీటిని సముద్రగర్భం కోట్ల ఏళ్లపాటు మోసుకుపోతుంది.

7. తిరుగుప్రయాణం

రిడ్జ్ నుంచి దూరమయ్యేకొద్దీ పలక చల్లబడి, కుంచించుకొని, బరువెక్కి కిందికి దిగుతుంది. రిడ్జ్ శిఖరం 2,500 మీటర్ల లోతున ఉంటే, రెండున్నర కోట్ల ఏళ్ల వయసున్న నేల సుమారు 4,250 మీటర్ల లోతున, ఆరున్నర కోట్ల ఏళ్ల నేల దాదాపు 5,300 మీటర్ల లోతున ఉంటుంది. చివరికి పలక తన కింది ప్రావారం కన్నా సాంద్రమవుతుంది. అనువైన చోట వంగి లోపలికి కూరుకుపోతుంది. అటువంటి చోట్ల సముద్రపు లోతైన అగాధాలు ఏర్పడతాయి.

కార్ల్స్‌బర్గ్ వద్ద పుట్టిన శిల ఇంకా ఈ దశకు చేరలేదు. హిందూ మహాసముద్రంలో ఈ దశను చూడాలంటే తూర్పు అంచున అండమాన్–సుమత్రా అగాధం వద్దకు వెళ్లాలి. అక్కడ మునుగుతున్నది అంతకన్నా పాత రిడ్జ్‌ల వద్ద పుట్టిన నేల. బంగాళాఖాతం అడుగు కూడా పాతదే. సుమారు 13 కోట్ల ఏళ్ల క్రితం భారతదేశపు తూర్పుతీరం అంటార్కిటికా నుంచి విడిపోవడం మొదలయ్యాక, ఆ రెండింటి నడుమ రిడ్జ్ వద్ద అది ఏర్పడింది. ఇప్పుడు గంగా బ్రహ్మపుత్రలు తెచ్చిన కిలోమీటర్ల మందపు అవక్షేపం కింద కప్పబడి ఉంది. విశాఖ తీరాన నిలబడి చూసే సముద్రం కింద ఉన్నది కూడా ఒకప్పటి రిడ్జ్ శిలే.

కూరుకుపోయే పలక సాఫీగా జారదు. పైపలకతో రాసుకుంటూ శతాబ్దాలపాటు ఇరుక్కుపోయి, ఒక్కసారిగా విడిపడుతుంది. 2004 డిసెంబరు 26న సుమత్రా నుంచి అండమాన్ దాకా దాదాపు 1,300 కిలోమీటర్ల పొడవున అలాగే విడిపడింది. 9.1 తీవ్రత గల ఆ భూకంపం లేపిన సునామీ ఆంధ్ర తీరాన్ని కూడా తాకి ప్రాణాలు తీసింది. ఆ అనుభవంతో ఏర్పడిన భారత సునామీ ముందస్తు హెచ్చరిక కేంద్రం 2007 నుంచి హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్‌లో పనిచేస్తోంది.

లోపలికి దిగిన పలకలో మరో మార్పు వస్తుంది. వేడి, పీడనం పెరిగి నీటిని ఇముడ్చుకున్న ఖనిజాలు విచ్ఛిన్నమవుతాయి. సుమారు 100 కిలోమీటర్ల లోతున విడుదలైన ఆ నీరు పైనున్న ప్రావారంలోకి చేరి, దాని కరిగే ఉష్ణోగ్రతను తగ్గిస్తుంది. ఇక్కడ కూడా రాయి కరగడానికి కొత్త వేడి అక్కరలేదు, నీరు చాలు. భారతదేశంలోని ఏకైక క్రియాశీల అగ్నిపర్వతమైన అండమాన్ బారెన్ దీవి ఇలా పుట్టినదే. దీర్ఘకాలం నిద్రాణంగా ఉన్న ఈ అగ్నిపర్వతం 1991లో మళ్లీ లావా వెలువరించింది.

నీటిని కోల్పోయిన బసాల్ట్ ఎక్లోగైట్ అనే మరింత బరువైన శిలగా మారి ఇంకా కిందికి దిగుతుంది. ఆ బరువు వెనకనున్న పలకను లాగుతుంది. పలకల చలనానికి ప్రధాన చోదకశక్తి ఈ లాగుడేనని నేడు ఎక్కువమంది శాస్త్రవేత్తలు అంగీకరిస్తున్నారు. రిడ్జ్ వద్ద శిలాద్రవం ఉబికి వచ్చి పలకలను నెట్టివేస్తుందన్న వివరణ కారణాన్నీ ఫలితాన్నీ తారుమారు చేస్తుంది. పలకలు లాగబడి ఎడమవుతాయి. ఆ ఎడాన్ని పూరించడానికి ప్రావారం పైకి వస్తుంది. పైకి వచ్చినందున కరుగుతుంది. ఒక కొసన పాత శిల మునగడమే మరో కొసన కొత్త శిల పుట్టుకకు ప్రధాన కారణం.

మునిగిన శిల ప్రావారంలో పూర్తిగా కలిసిపోతుందా? కలిసిపోదని రసాయనిక ఆధారాలు చెబుతున్నాయి. హవాయి వంటి దీవుల బసాల్ట్‌లలో పాత సముద్ర భూపటలపు అంశ ఉందని ఆల్బ్రెక్ట్ హాఫ్‌మన్, విలియం వైట్ 1982లో ప్రతిపాదించారు. హిందూ మహాసముద్ర రిడ్జ్‌ల బసాల్ట్‌లోని సీసం ఐసోటోపుల నిష్పత్తులు అట్లాంటిక్, పసిఫిక్ బసాల్ట్‌లకు భిన్నంగా ఉన్నాయని బెర్నార్డ్ డుప్రే, క్లాడ్ అలెగ్ర్ 1983లో చూపారు. వారిద్దరి పేర్లనూ కలిపి 1984లో స్టాన్లీ హార్ట్ ఈ లక్షణానికి 'డుపాల్' అని పేరు పెట్టారు. ఒకప్పుడు లోపలికి పోయిన పాత భూపటలం, అవక్షేపం ఇందుకు కారణమని కొందరు, ఖండాల అడుగుభాగపు శిల కారణమని మరికొందరు వాదిస్తున్నారు. ఏ వాదం నిలిచినా, ఈ రిడ్జ్‌ల వద్ద నేడు పుట్టే 'కొత్త' రాతిలో ఒకనాటి ఉపరితలపు జ్ఞాపకం ఉన్నట్టే.

8. పదం, స్ఫురణ, శాస్త్రార్థం

'అగ్నిశిల' అనేది లాటిన్‌లో నిప్పు అనే అర్థమున్న పదం నుంచి వచ్చిన ఆంగ్లపదానికి తెలుగు రూపం. కనుక ఇందులోని అస్పష్టత మూలభాషలోనిదే. అయితే తెలుగులో 'అగ్ని' సజీవమైన పదం. ఆంగ్ల పాఠకుడికి లాటిన్ ధాతువు తట్టకపోవచ్చు. తెలుగు పాఠకుడికి మాత్రం మంట తట్టి తీరుతుంది. 'అగ్నిపర్వతం' విషయంలో మంటకు తోడు కొండ కూడా స్ఫురిస్తుంది. పొడవైన చీలికల వెంట, నీటి అడుగున, మంట లేకుండా సాగే రిడ్జ్ చర్యకు ఈ రెండు స్ఫురణలూ పూర్తిగా సరిపోవు.

దీనికి తోడు మన సాహిత్యంలో సముద్రంలోని అగ్నికి 'బడబాగ్ని' అనే ప్రసిద్ధమైన పేరు ఉంది. రిడ్జ్‌ల ప్రసక్తి వచ్చినప్పుడు దీనిని ఉదాహరించి, ప్రాచీనులకు ఈ విషయం ముందే తెలుసని చెప్పడం కొన్ని ప్రసంగాల్లో వినిపిస్తుంది. ఈ పోలిక నిలవదు. భారతం ఆదిపర్వంలోని కథ ప్రకారం ఔర్వుడు తన క్రోధాగ్నిని సముద్రంలో విడిచిపెట్టగా అది అశ్వముఖంతో నీటిని తాగుతూ ఉంటుంది. నీటిని హరించే అగ్ని అది. రిడ్జ్ వద్ద మంటే లేదు. అక్కడి రాయి నీటిని తనలో దాచుకొని కోట్ల ఏళ్లు మోస్తుంది. బడబాగ్ని ఉదాత్తమైన కవికల్పన. దాన్ని అలాగే ఆదరించడం సాహిత్యానికి న్యాయం, శాస్త్రంతో ముడిపెట్టకపోవడం శాస్త్రానికి న్యాయం.

స్థిరపడిన పదాలను మార్చమని ఈ వ్యాసం ప్రతిపాదించడం లేదు. బోధనలో మూడు జాగ్రత్తలు చాలు. ఒకటి, 'అగ్నిశిల' అన్న వెంటనే అది 'కరిగి గట్టిపడిన శిల' అని చెప్పాలి. రెండు, ఎందుకు కరిగిందో కారణాన్ని కూడా పేర్కొనాలి: పీడనం తగ్గి కరగడం, నీరు చేరి కరగడం అనే రెండు మాటలు విద్యార్థికి అర్థమవుతాయి. మూడు, ఒకే రాయి వేర్వేరు సందర్భాల్లో పుట్టవచ్చని గుర్తు చేయాలి. వికారాబాద్ పరిసరాల్లోని దక్కన్ బసాల్ట్ కూడా ప్రధానంగా పీడనం తగ్గడం వల్ల కరిగిన ప్రావారమే. కానీ అది సుమారు 6.6 కోట్ల ఏళ్ల క్రితం ఖండం మీద వెల్లువెత్తిన లావా. రిడ్జ్ శిల కాదు.

9. ముగింపు

రిడ్జ్ వద్ద శిల పుట్టుకకు మూలం పీడనం తగ్గడం. తిరుగుప్రయాణానికి మూలం చల్లబడి బరువెక్కడం. ఈ రెండింటి నడుమ నీరు రాతిలోకి చేరి, మరోచోట మరో శిలాద్రవానికి కారణమవుతుంది. మునిగే పలక లాగుడు రిడ్జ్‌ను తెరుస్తుంది. తెరుచుకున్న రిడ్జ్ వద్ద కొత్త శిల పుడుతుంది. ఈ వలయంలో ఎక్కడా మంట లేదు. తూర్పుతీరంలో సునామీ హెచ్చరిక ఎందుకు అవసరమో, సముద్రగర్భ ఖనిజ అన్వేషణ దేనిని కదిలించబోతోందో తెలుగులో చర్చించాలంటే ఈ కారణాల గొలుసును తెలుగులోనే స్పష్టంగా చెప్పగలగాలి. అందుకు కావలసిన పదసంపద తెలుగులో ఉంది. పదం తనవెంట తెచ్చే స్ఫురణను గమనించి, కారణాన్ని వదలకుండా వాక్యం నిర్మించడమే బోధకుల, అనువాదకుల బాధ్యత.